తిరిగొచ్చిన మాత్ర

మాత్ర మింగే ముందు దానిమీద కాంతి కలం పెట్టి చూడటం ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ పళ్ళు తోముకున్నంత మామూలు. లోపలి స్ఫటికం సరిగ్గా ఉంటే పచ్చదీపం వెలుగుతుంది. రూపు మారి ఒంట్లో కరగనిదైతే ఎర్రదీపం.

ఆ ఉదయం హిమజ తన ఆరేళ్ళ కూతురి మూర్ఛ మాత్రమీద కలం పెడితే ఎర్రదీపం వెలిగింది. రెండోదీ అంతే. డబ్బాలోని ముప్పయ్యీ అంతే.

"అత్తయ్యా, ఇందులో ఎవరైనా చెయ్యి పెట్టారా?"

"నేనేనమ్మా. పక్కింటి పైడమ్మ మొన్న బదులు తీసుకున్న మాత్ర నిన్న తిరిగిచ్చింది. అందులోనే వేసేసినాను," అంది వరహాలమ్మ.

పాలలో పడ్డ మజ్జిగచుక్కలా రూపు మారిన ఆ ఒక్క మాత్ర, తన పొడి తగిలిన అన్నిటినీ తెల్లారేసరికి తనలా మార్చేసింది. మందుల షాపుల్లో వారంగా సరుకు లేదు. బీరువాలో సీలు తీయని మాత్ర ఒక్కటే మిగిలింది.

హిమజ చేతులు మూడుసార్లు కడుక్కుని, దాన్ని విప్పి కలం పెట్టింది. పచ్చదీపం. ఊపిరి పీల్చుకుని, దాన్ని బల్లమీద పెట్టి నీళ్ళ కోసం వెనక్కి తిరిగింది.

"నోరు తెరువమ్మా," అంటూ వరహాలమ్మ, అప్పటిదాకా డబ్బాలో పైడమ్మ మాత్ర కోసం వెతికిన వేళ్ళతోనే, తెల్లపొడి అంటిన వేళ్ళతోనే, బల్లమీది మాత్రను తీసింది.

హిమజ లాక్కుని మళ్ళీ కలం పెట్టింది. పచ్చగా వెలిగిన దీపం చూస్తుండగానే ఎర్రబడింది.

పాప ఇంకా నోరు తెరుచుకునే ఉంది.