పంపినవారు వారినెం

"పంపినవారు వారినెం, అందుకునేవారూ వారినెమే! ఏంటమ్మా, మీ సంబల్ పచ్చడి మీరే కొనుక్కున్నారా?" అంటూ కొరియర్ తుగీనో పార్సిల్‌ను అటూ ఇటూ తిప్పాడు.

"గోదాం వాళ్ళు ఎలా కడుతున్నారో చూద్దామని," అంది వారినెం. అరుగు మీద టీ అప్పటికే పోసి ఉంచింది.

ఫోన్‌లో వచ్చిన ఆర్డర్లన్నీ ఆరేళ్ళు ఆవిడే కట్టేది. రోజూ నాలుగింటికి తుగీనో వచ్చి పట్టుకెళ్ళేవాడు. నెల కిందట సరుకంతా సెమరాంగ్ పట్నంలోని గోదాంకు అప్పగించింది. కట్టడమూ, పంపడమూ ఇక వాళ్ళ పనే. నడుముకు సుఖం దొరికింది గానీ, గుమ్మం తొక్కే మనిషి లేకుండా పోయాడు.

"వారంలో ఇది మూడోదమ్మా," అన్నాడతను. ముందు వచ్చిన రెండు పెట్టెలూ విప్పకుండా అక్కడే ఉన్నాయి.

ఆవిడ తల వంచుకుంది. పనిలేకుండా మగమనిషి విధవరాలి అరుగెక్కితే ఆ వీధి ఊరుకోదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

తుగీనో టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. "దీన్ని వెనక్కి పంపుతానని ఫోన్‌లో పెట్టండి. పట్టుకెళ్ళడానికి రేపు నేనే రావాలి."

"ఏం వంక పెట్టను?"

"కారం తక్కువని."

"నా సంబల్‌కా! నాలిక్కి రాస్తే మీ తాత లేచి కూర్చుంటాడు!"

"అయితే వద్దులెండి," అని నవ్వి బండెక్కాడు.

ఆవిడ సంబల్‌కు వంక పెట్టి తిట్లు తినకుండా బయటపడ్డ మనిషి ఆ వీధిలో లేడు. బండి మలుపు తిరగకముందే వారినెం ఫోన్ తీసింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, "కారం బొత్తిగా లేదు" అని రాసింది.