పై నాలుగు లైన్లు

"మీ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఫైలు పైన నాలుగు లైన్లు ఉండాలి బాబూ. ఇప్పుడు ఉన్నాయా?"

ఆ మాట వినగానే కంపెనీ యజమాని చేతిలోని కాగితాలు పక్కన పెట్టేశాడు.

అడిగినాయన ఎవరో తెలియదు. చెప్పాపెట్టకుండా వచ్చి పొద్దుటి నుంచి ముందుగదిలో కూర్చున్నాడు. అరిగిన చెప్పులు, భుజాన గుడ్డసంచీ, మాసిన గడ్డం.

అసలే ఇవాళ ప్రాణం మీదికి వచ్చి ఉంది.

మందుసీసాను ఫోనుకు చూపిస్తే, గుండ్రంగా అంటించిన చీటీ మీది అక్షరాలను సాపు చేసి పైకి చదివే సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీది. చూపు లేని తన చెల్లెలి కోసం యజమాని మొదలుపెట్టింది. ఇప్పుడు పదకొండు మంది దాని మీదే బతుకుతున్నారు. అలా సాపు చేసే పద్ధతికి పేటెంటు మాదంటూ ఒక పెద్ద కంపెనీ మీద పడింది. ఇవాళ మధ్యాహ్నం మూడింటిలోగా సాఫ్ట్‌వేర్ తమకు రాసిచ్చేయాలి, లేదంటే కోర్టులో చూసుకుందాం అంది.

యజమాని నోరు మాత్రం చిన్నది కాదు. ఏ సభలో మైకు దొరికినా, "ఆలోచనకు కంచె వేసే హక్కు ఎవడికీ లేదు! పేటెంట్లన్నీ చెత్తబుట్టలో పడెయ్యాలి!" అని గొంతు చించుకునేవాడు. చప్పట్లు బాగానే పడేవి.

నాలుగేళ్ల కిందట ఎవరో ఉచితంగా పెట్టిన ఫైలొకటి తెచ్చుకుని, పైనున్న నాలుగు లైన్లు చదవనైనా చదవకుండా చెరిపేసిన సంగతి మాత్రం ఏ సభలోనూ చెప్పలేదు. కొనేవాళ్లకు 'అంతా మా సొంతం' అని చెప్పుకోవాలి కదా!

"ఏ లైన్లు?" అన్నాడు, తెలియనట్టు.

"నా పేరు, తేదీ. ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి, ఈ లైన్లు మాత్రం తీసేయకండి అని రాసుకున్నాను."

"అది మా దగ్గరుందని మీకెవరు చెప్పారు?"

ఆయన నవ్వాడు. "మా ఆవిడకు కళ్లు మసకలు. మందులన్నీ మీ దాంతోనే చదివించుకుంటుంది. చీటీ అతుకు దగ్గరికి రాగానే అది రెండుసార్లు ఆగుతోంది. ఆ ఆగడం నా పొరపాటే బాబూ. ఎంత కుస్తీ పట్టినా అప్పట్లో పోలేదు."

పేటెంటు కేసుతోనే చస్తుంటే ఇప్పుడు కాపీరైటు కేసు ఒకటా అనుకున్నాడు యజమాని.

"ఏం కావాలి మీకు?"

"నాకేం వద్దు. ఆ తేదీ ముఖ్యం. ఇవాళ మూడింటిలోగా..."

"మూడింటి సంగతి మీకెలా తెలుసు? గడువు చూసుకుని మరీ బేరానికి వచ్చారా?"

"బేరం కాదు. అయిదు నిమిషాలు కూర్చుని వింటే..."

ఫోన్ మోగింది. యజమాని తరఫు లాయరమ్మ.

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఆ కోడ్‌లో వేరేవాళ్లు రాసింది ఏమైనా ఉందా? ఉంటే దాచకుండా చెప్పండి."

ఎదురుగా ఆయన కళ్లార్పకుండా చూస్తున్నాడు.

"లేదు మేడమ్. ప్రతి అక్షరమూ నేను రాసిందే."

"అయితే మన చేతిలో ఏమీ లేదు. సంతకం పెట్టేయండి."

ఫోన్ పెట్టేసరికి ఆయన మొహం పాలిపోయి ఉంది.

"అలా అనకండి బాబూ. ఆ మాటే మీ కొంప ముంచుతుంది."

"బెదిరిస్తున్నారా? నా ఆఫీసులో నిలబడి నన్నే బెదిరిస్తున్నారా?" యజమాని వాచ్‌మన్‌ను కేకేశాడు.

ఆయన పెనుగులాడలేదు. "కింద గేటు దగ్గర ఉంటాను. మూడింటి దాకా ఉంటాను" అని మాత్రం అన్నాడు, మెట్లు దిగుతూ.

"అన్నయ్యా, ఆయన కొట్లాటకు వచ్చిన మనిషిలా లేడు" అంది పక్క కుర్చీలో ఇంతసేపూ వింటున్న చెల్లెలు. "నేను వెళ్లి ఏమిటో కనుక్కుని రానా?"

"నువ్వు కదిలావంటే ఊరుకోను. ఇలాంటివాళ్లకు అలుసిస్తే నెత్తికెక్కుతారు."

తర్వాత కిందికి ఫోన్ చేసి, గేటు దగ్గర కూడా ఉండనివ్వద్దని చెప్పాడు.

మూడుకు పది నిమిషాలుండగా పెద్ద కంపెనీ లాయరు వచ్చాడు. గదంతా ఒకసారి పరకాయించి చూశాడు. తలుపు వెనక కూడా చూసినట్టనిపించింది. కాగితాలు బల్ల మీద పరిచాడు.

అద్దాల అవతల పదకొండు మందీ పని మానేసి నిలబడ్డారు. యజమాని ఏడు చోట్ల సంతకం పెట్టాడు. ఏడోది, మళ్లీ ఎప్పుడూ ఈ పేటెంటును ప్రశ్నించనన్న షరతు కింద పెట్టిన సంతకం.

చెల్లెలు కుర్చీలోంచి లేవలేదు. తన కోసం పుట్టింది పరాయివాళ్ల పాలైందని ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది.

లాయరు కాగితాలు సర్దుకుని, మంచినీళ్లడిగి గ్లాసు ఖాళీ చేసి, హమ్మయ్య అన్నాడు.

"ఇక దాపరికం ఎందుకు లెండి. నాకు వారం రోజులుగా కంటి మీద కునుకు లేదు."

"మీకా? ఎందుకు?"

"మా పేటెంటుకు మూడేళ్ల ముందే ఒకాయన ఇదే పద్ధతిని రాసి, తేదీ వేసి, అందరికీ ఉచితంగా పంచేశాడు. ఆయన ఒక్కమాట చెబితే మా పేటెంటు చిత్తుకాగితం."

యజమాని బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఇవాళ మూడింటి దాకా నోరు మెదపకుండా ఉంటే ఇల్లు కొనిస్తామన్నాం, వినలేదండీ" అన్నాడు లాయరు, తలుపు వైపు నడుస్తూ. "'నా రాతను పదిమందికి పనికొచ్చేలా చేసిన కుర్రాడు, అతని పక్షాన సాక్ష్యం చెబుతాను' అంటూ పొద్దున్నే మీ దగ్గరికి బయల్దేరాడట, మరి రానే లేదా?"