ఒకటో నంబరు బిళ్ళ

ధడేలున కిటికీ మూసేశారు.

"బిళ్ళలైపోయాయి. మళ్ళీ మంగళవారం రండి!"

ఆ అమ్మాయి మెట్ల దగ్గరే ఆగిపోయింది. టైము ఎనిమిది కూడా కాలేదు.

ఆ ధర్మాసుపత్రిలో కీళ్ళ డాక్టరు వారానికి ఒక్క రోజే కూర్చుంటాడు. పొద్దున ఏడింటికి కిటికీ దగ్గర ఆసుపత్రి కార్డు చూపించినవాళ్ళకి నంబర్లు వేసిన రేకు బిళ్ళలు పాతిక ఇస్తారు. బిళ్ళ ఉంటే డాక్టరు చూస్తాడు, వారానికి సరిపడా మాత్రలిస్తాడు. లేకపోతే ఇంటిదారి పట్టాల్సిందే.

ఏడింటికి రావాలట! కీళ్ళ జబ్బువాళ్ళని ఏడింటికి రమ్మన్న మహానుభావుడెవరో గానీ, ఒక్క పూట ఆ జబ్బు తనకొచ్చి ఉంటే తెలిసేది. పొద్దున్నే ఆమె వేళ్ళు ముడుచుకుపోయి ఉంటాయి. మోకాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి ఉంటాయి. అక్క వేడినీళ్ళ గుడ్డలు వేసి, గుండీలు పెట్టి, జడ అల్లి, లేపి నిలబెట్టేసరికే ఏడు దాటిపోతుంది.

ఇరవయ్యారేళ్ళకి కీళ్ళ నొప్పులేమిటి, విడ్డూరం కాకపోతే! ఆ మాట అననివాళ్ళది పాపం.

పుస్తకాల బైండింగు షాపులో ఆమె పని. సూదీ దారంతో కాగితాలు కుట్టాలి. చేతులే ఆధారం. ఇన్సూరెన్సు మాటెత్తితే యజమాని నవ్వేశాడు. ఇన్సూరెన్సు కంపెనీకే వెళ్తే, "ముందునుంచీ ఉన్న జబ్బుకి కుదరదమ్మా" అన్నారు. ఇక మిగిలింది ఈ బిళ్ళే.

"ఇదిగో, తీసుకో."

వెనక్కి తిరిగింది. బెంచీ మీద నలభై దాటిన మనిషి. మాసిన పొడుగు కోటు, రెండు చేతులూ జేబుల్లో. పక్కన బెంచీ మీద ఒకటో నంబరు బిళ్ళ.

"మరి మీకు?"

"నాకెందుకులే. తొమ్మిదింటికి పిలుస్తారు, కూర్చో."

బిళ్ళ చేతికివ్వను కూడా లేదు. గడ్డంతోనే చూపించాడు. ఎంత పొగరో అనుకుంది.

తర్వాతి మంగళవారమూ అంతే. ఆ పై మంగళవారమూ అంతే. ఆరు వారాలు వరసగా మాత్రలు దొరికాయి. వేళ్ళు మళ్ళీ సూది పట్టాయి.

అక్కకి మాత్రం మింగుడుపడలేదు.

"ఊరికే ఎవడిస్తాడే? అందులోనూ ఒకటో నంబరు! లోపలివాళ్ళతో లాలూచీ లేకుండా ప్రతివారం అదే ఎలా వస్తుంది?"

"నన్నేమీ అడగలేదక్కా."

"ఇంకా అడగలేదు అను."

ఏడో వారం ఆసుపత్రి సూపర్వైజరు ఆమె చేతిలో బిళ్ళ చూసి ఆగాడు.

"ఒకటో నంబరా? పొద్దున నువ్వు లైన్లో లేవే. ఎవరిచ్చారు?"

ఆమె బిళ్ళని గుప్పిట్లో దాచుకుంది.

"బిళ్ళలు అమ్ముకునే వాళ్ళున్నారని పైనుంచి నన్ను తింటున్నారు. చెప్తావా, నీ కార్డు కొట్టేయమంటావా?"

కార్డు పోతే మాత్రలు పోతాయి. మాత్రలు పోతే చేతులు పోతాయి. బెంచీ వైపు చూపించింది.

"ఎంత తీసుకున్నాడు?"

ఏమీ తీసుకోలేదు సార్ అంటే సరిపోయేది. ఆ ముక్క ఆమె నోటికి రాలేదు. అక్క మాటే వచ్చింది.

"ఇంకా... అడగలేదు సార్."

"విన్నారా! ఇంకా అడగలేదట!"

వాచ్‌మన్ వచ్చి ఆ మనిషి మోచెయ్యి పట్టి లాగాడు. "అమ్మా!" అని పెద్ద కేక పెట్టాడాయన. చేతులు మాత్రం జేబుల్లోంచి తీయలేదు. అబ్బో, ఏం నటిస్తున్నాడో అన్నారెవరో.

ఆయన తనని తిడతాడేమోనని ఆమె తల దించుకుంది.

"ఒకటో నంబరు పిలుస్తున్నారు," అన్నాడాయన. "వెళ్ళమ్మా."

తర్వాతి మంగళవారం బెంచీ ఖాళీ. ఆమెకి బిళ్ళ దొరకలేదు. ఆ పై వారమూ దొరకలేదు. మూడో వారానికి కుడిచేతి వేళ్ళు సూదిని వదిలేశాయి. "తగ్గాక కనిపించు" అన్నాడు యజమాని. తగ్గే జబ్బైతే కదా! అక్క నోట్లో పెడితే తింటోంది.

నాలుగో మంగళవారం, వరండా ఊడుస్తున్న ఆవిడని అడిగింది.

"పిన్నీ, ఆ కోటాయన రావడం లేదా?"

"ఎలా వస్తాడు? నువ్వే కదా తల్లీ గెంటించావు."

"ఎక్కడుంటారో తెలుసా?"

"ఎవరికి తెలుసు? ఎవరమైనా అడిగిన పాపాన పోయామా?"

"ఆయనకేం జబ్బు పిన్నీ?"

"నీదే. నీ ఈడులోనే పట్టుకుందట. ఇక మందులు పనిచేయవు, నువ్వు రానక్కర్లేదని డాక్టరు చెప్పేసి నాలుగేళ్ళైంది. వంకరపోయిన ఆ చేతులు చూసి జనం జడుసుకుంటారని జేబుల్లోనే దాచుకునేవాడు. పాత కార్డు చూపించి, బిళ్ళని రెండు మణికట్ల మధ్యా పట్టుకొచ్చి బెంచీ మీద పెట్టేవాడు. నీకంటే ముందు ఇంకొకామెకిచ్చాడు. ఆమె చచ్చిపోయాక నీకు."

ఆమె గోడ పట్టుకుని నిలబడింది. అయినా ఒక్క సంగతి అంతుపట్టలేదు.

"నా జబ్బే అయితే ఏడింటికల్లా అందరికంటే ముందు ఎలా వచ్చేవారు పిన్నీ? నేనే లేవలేకపోతున్నానే!"

ఆవిడ చీపురు గోడకానించింది.

"లేవడమేమిటే పిచ్చిదానా? పడుకుంటే పొద్దున కీళ్ళు కదలవని, సోమవారం సాయంత్రమే వచ్చి, తెల్లవార్లూ ఈ వరండాలో ఆ చివర్నించి ఈ చివరికి నడుస్తూనే ఉండేవాడు."