అగ్గువ స్కోపు

"అగ్గువకు అచ్చిందంటేనే అందుల ఏదో మతలబు ఉంటది," అన్నాడు ధర్మా, కూతురి తుపాకీ మీద బిగించిన, దూరాన్ని దగ్గరగా చూపే కొత్త స్కోపును గోటితో కొట్టి చూస్తూ.

నకిలీ పత్తి విత్తనాలకు ఒకసారి చేను చేనంతా పోగొట్టుకున్న మనిషి. అప్పటినుంచి చిట్యాల దగ్గరి వాళ్ల తండాకు ఎవరు ఏది అమ్మవచ్చినా ముందు వాసన చూస్తాడు. స్కోపునూ చూశాడు. వాసనేం లేదు. అనుమానం ఇంకాస్త పెరిగింది.

దాన్ని సగం ధరకే తెప్పించి ఇచ్చింది నరేశ్. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పని చేస్తాడు. మంచివాడే. కానీ అతని చెల్లెలు రజిత, ధర్మా కూతురు సౌందర్య ఇవాళ ఒకే పోటీలో ఉన్నారు. చిన్న తూటాల రైఫిల్‌తో దూరంగా ఉన్న కాగితం మీది గుండ్రాన్ని కొట్టాలి. హైదరాబాద్ పోటీలకు పోయేది ఒక్కరే. ఆ ఒక్కరు సౌందర్య కాకపోతే ఆట మానేసి మిరప చేనుకు రావాలన్నది తండ్రీకూతుళ్ల ఒప్పందం.

సొంత చెల్లెలు బరిలో ఉండగా పరాయి పిల్లకు మంచి వస్తువు ఎవరిస్తారు?

"ఎట్ల కనిపిస్తాంది బిడ్డా?"

"అద్దం లెక్క ఉంది బాపూ. కాగితం ఒక్కటే ఇంత పెద్దగ కనిపిస్తాంది. సుట్టుపక్కల ఇంకేం కనిపిస్తలేదు."

"గదే నాకు మంచిగనిపిస్తలేదు."

భూపాలపల్లి శివారులోని ఆ రేంజిలో పిల్లలంతా వరుసగా చాపల మీద బోర్లా పడుకున్నారు. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు కొట్టవచ్చని కోచ్ సంజీవ మధ్యాహ్నం రెండింటి దాకా టైమిచ్చి, అటు చివరకు వెళ్లి నిలబడ్డాడు.

"జర ఆగు బిడ్డా. శుక్రారం, రాహుకాలం నడుస్తాంది."

"గవన్ని చూసుకుంట కూసుంటే గురి కుదరది బాపూ," అంది సౌందర్య.

టప్ టప్‌మని అన్ని వైపులా మోత మొదలైంది. ధర్మా కన్ను మాత్రం రజిత మీదే ఉంది. పక్క చాప మీద ఆ పిల్ల చెవులకు మోత వినపడకుండా డొప్పలు పెట్టుకుని, తల వంచి పడుకుంది. పెదవులు కదులుతున్నాయి. సౌందర్య వైపు ఒక్కసారైనా చూడదు. తప్పు చేసినవాళ్లకే మొహం చెల్లదు, అనుకున్నాడు ధర్మా.

సౌందర్య నవ్వుతూ లేచింది. "అన్నీ మంచిగ వడ్డయి బాపూ."

మోత ఆగగానే సంజీవ జెండా ఊపి అందరినీ ఆపాడు. వెళ్లి కాగితాలు ఊడదీసి తెచ్చాడు. వెనక నంబరు చూసి సౌందర్య కాగితం ఆమె చేతికిచ్చాడు.

ఒక్క చిల్లు లేదు.

పక్క నంబరు కాగితం చూసి సంజీవ నోరు తెరిచాడు. చిల్లులన్నీ నడిమి గుండ్రంలో ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

"ఇంకేంది, హైదరాబాద్‌కు రజితే పోతది," అన్నాడు.

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన నరేశ్ గేటు దగ్గర కనిపించాడు. ధర్మా స్కోపు ఊడబీకి అతని చేతిలో కొట్టాడు.

"నీ చెల్లె గెలువాల్నని నా బిడ్డ కండ్లల్ల మన్ను గొట్టినవ్. తేనె పూసిన కత్తివి నువ్వు."

"అట్లనకు కాకా. నేను పెట్టి చూసినంకనే ఇచ్చిన."

"నీ మాటలు ఇనుడు నాదే తప్పు. పా బిడ్డా. రేపటి సంది చేనుకు పోదువు."

సౌందర్య కదల్లేదు. ఖాళీ కాగితాన్ని వెలుగుకు పట్టి ఎంతసేపు చూసినా ఆమెకు అర్థం కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు రజిత చెవి డొప్పలు తీసి, సీలైనా విప్పని తన తూటాల డబ్బాను ముందుకు జరుపుకుంటూ అడిగింది: "రాహుకాలం అయిపోయిందా సార్, ఇగ నేను కొట్టుడు షురూ చేయాల్నా?"