ఆరు తెల్ల గుండీలు

గోల ఆపి ఇలా దగ్గరికి జరగండి. అక్కడ కుట్టుశాలలో గుండీలు పంచుతున్నారు.

మనిషికి ఒక తెల్లది, ఒక నల్లది. పదిమంది సభ్యులకూ కత్తెరక్కే తన చేత్తో పంచింది. పదకొండో మనిషి గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఆమెను కొత్తమ్మాయి అంటారు. చేరి ఆరేళ్ళయింది, చెంపలు నెరుస్తున్నాయి, అయినా కొత్తమ్మాయే.

ఆ శాలకు యజమాని లేడు. ఉన్నవాడు తాళం వేసి పారిపోతే, ఈ పదిమందీ తాళం పగలగొట్టి మిషన్లు నిలబెట్టుకున్నారు. "మన నెత్తిన షావుకారూ వద్దు, సర్కారు పెత్తనమూ వద్దు. కుట్టే చేతులదే శాల" అని కత్తెరక్క ఆనాడు అన్న మాట గోడమీది గుడ్డలో ఎర్రదారంతో ఉంది. ఆ అక్షరాలు కుట్టింది కొత్తమ్మాయే.

పని తగ్గితే సభ్యులు ఉన్నదాన్నే పంచుకుంటారు. సభ్యులు కానివాళ్ళు ఇంటికి పోతారు. ఈ నెల ఆర్డర్లు సగానికి పడిపోయాయి. కొత్తమ్మాయి మొగుడు నడుం విరిగి మంచాన ఉన్నాడు. ఆరు తెల్ల గుండీలు పడితే ఆమె సభ్యురాలు. పడకపోతే రేపటినుంచి రానక్కర్లేదు.

పొద్దున్నుంచీ ఒక్కొక్కరే వచ్చి ఆమె మిషను దగ్గర ఆగారు.

"నా తెల్లది నీకేనే. ఆ ఇస్త్రీ పిన్నిని మాత్రం నమ్మకు," అంది కాజాల వదిన.

"ఆ కాజాలదాని మాట నమ్మకు! నల్లది వేస్తే అదే వెయ్యాలి," అంది ఇస్త్రీ పిన్ని. "నా కూతురులాంటిదానివి, నీకు అన్యాయం చేస్తానా?"

కత్తెరక్క అయితే తల నిమిరింది. "మనల్ని వాడు గెంటాడనే కదా ఇదంతా పెట్టుకున్నాం? నిన్ను గెంటితే మనకీ వాడికీ తేడా ఏముందే?"

కొత్తమ్మాయి వేళ్ళు మడిచి చూసుకుంది. పదిమందీ మాటిచ్చారు. నలుగురు తప్పినా గట్టెక్కుతుంది.

ఒక్కొక్కరూ తెర వెనక్కి వెళ్ళి, రేకు డబ్బాలో ఒక గుండీ వేసి, రెండోది పిడికిట్లో బిగించుకుని వచ్చారు. కత్తెరక్క మూత తీసి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. మళ్ళీ మూత పెట్టేసింది.

"ఐదు తెల్లవి, ఐదు నల్లవి. ఒక్కటంటే ఒక్కటి తక్కువైందే తల్లీ."

"ఏ పాపిష్టి చెయ్యో!" కాజాల వదిన ముక్కు చీదింది. "నేను తెల్లదే వేశాను, ఒట్టు."

"నేను మాత్రం?" అంది పిన్ని.

వెళ్తూ వెళ్తూ అందరూ ఆమెను కావలించుకుని ఏడ్చారు. కొత్తమ్మాయికి కోపం రాలేదు. పోనీలే, ఐదుగురైనా తనవైపు ఉన్నారనుకుంది. ఆ ఐదుగురి మొహం చూసైనా గడప దాటేముందు పని పూర్తిచేసి పోవాలనుకుంది.

చిమ్మడం, సర్దడం ఆరేళ్ళుగా ఆమె పనే. అందరూ సమానమైన ఆ చోట చీపురు వంతు ఎవరిదని ఎవరూ ఎన్నడూ అడగలేదు. ఆ పూట కూడా ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

గుడ్డముక్కలు ఊడ్చింది. మిషన్లు కప్పింది. గుండీలు సొరుగులో పోద్దామని రేకు డబ్బా మూత తీసింది.

ఆమె చూసింది మీరూ గుర్తుపెట్టుకోండి నాయనా, పదిమందికీ చెప్పండి.

డబ్బాలో పదీ నల్లవే.