పేరు మోసేది

"పురుక్కి నా పేరా? నీకేటైనా పిచ్చే? పోయినోల్ల పేరెడతారు గానీ, బతికున్నోల్ల పేరు ఎవులైనా ఎడతారేటే?" మంగాయమ్మ మంచం మీద నుంచే మనవరాలి మీద విరుచుకుపడింది.

పురుగుల మీద పరిశోధన చేస్తున్న కీర్తనకి నవ్వొచ్చింది. మామ్మ తిట్టినందుకు సంతోషంగానూ ఉంది. తెల్లారితే ఆపరేషన్. "కడుపు కోయించుకోను, కోత్తే సచ్చిపోతాను" అన్న మాట తప్ప ముసలావిడ నోట మరో మాట రావడం లేదు. ఆపరేషన్ లేకపోతే దక్కదని డాక్టరు చెప్పేశాడు. ఉక్కునగరం క్వార్టర్‌లో బతిమాలని మనిషి లేడు.

"ఇంతవరకూ ఎవరికీ దొరకని జాతి మామ్మా. దువ్వాడ అవతల కొండవాగులో రాయెత్తితే కనబడ్డాయి. పేరు పెట్టేది నేనే." గాజు పళ్లెం తెచ్చి ఎదురుగా పెట్టింది.

నీళ్లలో గోరంత పురుగులు, అరిటాకు చీలికల్లా పల్చగా, అడుగున జారుతున్నాయి.

"ఓలమ్మ, మెల్లకన్నే దీనికి!"

"రెండు ముక్కలుగా కోశామనుకో, తలకి తోక మొలుస్తుంది. తోకకి తల మొలుస్తుంది."

"తోకకి తలేటే!"

"ఆ పొట్టిది చూడు. మొన్నటిదాకా అది ఉత్త తోకే."

మంగాయమ్మ కళ్లజోడు సర్దుకుని పళ్లెం మీదికి వంగింది.

"తిండి దొరక్కపోతే?"

"చిన్నదైపోతుంది. దొరికితే మళ్లీ పెరుగుతుంది."

"ముసిల్దైపోతే?"

"అవదు మామ్మా."

మంగాయమ్మ చేతులు వాటంతటవే దండం పెట్టాయి. ఇన్నేళ్లు బతికి ఇంత వింత చూడనేలేదే అని ఆమెకి ఒళ్లు పులకరించింది.

"కోసినా సావలేదు! ఎట్టే, నా పేరే ఎట్టు. నాను పోయినా ఇది ఉంతాది."

"జాతి మొత్తానికి నీ పేరే."

"అందరిదీ అంటే ఎవులిదీ కాదు. పేరు మోసేది ఒకటుండాల గదేటి?"

కీర్తన తడబడింది. "రూలూ అదే. జాతికి నమూనాగా ఒక్కదాన్నే తీసుకుంటాం. నేను చూస్తాలే."

"నువ్వు సూసేదేటి?" అన్నిటికంటే పెద్దదాన్ని, హుషారుగా అంచుకెక్కుతున్నదాన్ని మంగాయమ్మ వేలితో చూపించింది. "ఇదే నాను."

"అది వద్దు మామ్మా. ఆ మూలనున్న చిన్నదైతే..."

"పేరు నాది, నా ఇట్టం. రేపు ఆ బల్ల మీద దీన్నే తలుసుకుని పడుకుంతాను."

తలుపు దగ్గర కొడుకు త్రినాథరావు కళ్లు తుడుచుకుంటున్నాడు. మంగాయమ్మ అతన్ని చూసి మంచం దిగింది.

"ఏటలా నిలబడ్డావు? పొద్దుట ఆటో కాదు, కారు పిలు."

కీర్తన పళ్లెం ఎత్తుకుని, మామ్మ ముఖంలోకి చూడకుండా, సరేనంది.

నమూనాని సీసాలో భద్రపరిస్తేనే పేరు ఖాయం. అందుకు ముందు ఆ పేరు మోసేదాన్నే చంపాలి.