చెలమ కాడ జింకలు

కళ్యాణదుర్గం దగ్గర ఆ ఊళ్లో ప్రతి ఎండాకాలమూ ఎండిన వంక ఇసుకలో ఊటనీళ్లకు చెలమ తవ్వి, రాతితొట్టి నింపి, వెన్నెల్లో జింకలు నీళ్లు తాగడం చూడ్డానికి జనమంతా బండలెక్కి కూర్చుంటారు. అవి వచ్చి పోయేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.

గంజికేంద్రాలు పెట్టిన కరువు ఏడాది చెలమ నిలువెత్తు లోతుకు పోయింది. అందులో దిగి నీళ్లు తోడిచ్చిన మారెన్న అందరికంటే ఆలస్యంగా వచ్చి, అక్క ఓబులమ్మ పక్కన కంబళి కప్పుకుని కూర్చున్నాడు.

"ఇంతసేపు ఏం చేస్తాంటివిరా?" అని ఆమె గుసగుసగా అడిగింది. అతను కంబళి ఇంకాస్త ముఖంమీదికి లాక్కున్నాడు.

జింకలు వచ్చాయి. ఒక పిల్ల మంద విడిచి బండమీదికి ఎక్కింది. ఓబులమ్మ వాసన తగలగానే బెదిరి పక్కకు దూకింది. మారెన్న ఒళ్లో కాళ్లు పెట్టి, రాతిమీద నడిచినట్టే నిదానంగా దాటిపోయింది.

ఓబులమ్మకు అనుమానం పుట్టింది. పొద్దుగూకేదాకా నీళ్లు తోడిన మనిషి దగ్గర చెమట వాసనే లేదు. మెల్లగా కంబళి అంచు పట్టుకుంది.

అంతలో చెలమలో ఇసుక జారిన చప్పుడైంది. దాని వెనకే సన్నగా మారెన్న గొంతు.

"అక్కా, చెయ్యియ్యి. ఎక్కేకి కాలేదు. అప్పట్నుంచి పిలుస్తాండా."

ఓబులమ్మ లేవబోయింది. పక్కనున్నవాడు ఆమె మణికట్టు పట్టుకుని, నోటిమీద వేలు పెట్టుకున్నాడు.